ఎర్ర వెలుగును ఎవరు ఆర్పారు: సిలికాన్ నానో కణాల మీద గామా, ప్రాజెక్టు డైరీ

మూడు బ్యాచ్‌లు పారబోశాక ఈ డైరీ శుభ్రంగా రాయడం మొదలుపెట్టాను. ఇప్పుడు నాలుగో బ్యాచ్ నడుస్తోంది. పని ఇది: యూవీ వేస్తే ఎర్రగా వెలిగే సిలికాన్ నానో కణాలకు కోబాల్ట్-60 (ఒక రేడియోధార్మిక లోహం) నుంచి వచ్చే గామా కిరణాల మోతాదు ఇవ్వాలి. వెలుగు ఎంత తగ్గిందో, ఎందుకు తగ్గిందో చూడాలి. "ఎంత" అన్నది తేలిగ్గానే దొరికింది, కాకపోతే మూడుసార్లూ తప్పుగా దొరికింది. ఇదే పని చేయబోయేవాళ్ళు ఆ మూడు తప్పులూ మళ్ళీ చేయనక్కర్లేదు.

తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. మామూలు సిలికాన్ ముక్క దాదాపు వెలగదు. దాని బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్ పై మెట్టుకు ఎగరడానికి కావాల్సిన శక్తి) 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు, అదీ పరోక్ష గ్యాప్, అంటే ఎలక్ట్రాన్ తిరిగి కిందికి పడినా వెలుగు రావడం కష్టం. పోరస్ సిలికాన్ (సన్నని రంధ్రాలతో నిండిన సిలికాన్) గది ఉష్ణోగ్రత దగ్గరే కంటికి కనిపించేలా వెలుగుతుందని 1990లో లీ కానమ్ చూపించాడు. స్ఫటికం 5 నానోమీటర్ల కంటే చిన్నదైతే లోపలి ఎలక్ట్రాన్, హోల్ (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీ) ఇరుకున పడి గ్యాప్ పెరుగుతుంది. మా కణాలు సుమారు 3 నానోమీటర్లు, వెలుగు శిఖరం 682 నానోమీటర్ల దగ్గర. అంత చిన్న కణంలో ఉండేవి 700 పరమాణువులు, వాటిలో మూడో వంతుకు పైగా ఉపరితలం మీదే. అక్కడ ఒక్క బంధం తెగి ఖాళీగా మిగిలినా (డాంగ్లింగ్ బాండ్ అంటారు) ఆ కణం ఆరిపోవచ్చు. ఈ ఒక్క విషయం గుర్తుంటే కింద రాసినవన్నీ అర్థమవుతాయి.

దశ 1: ఎచింగ్ (ఆమ్లంలో కరెంటు పెట్టి సిలికాన్ మీద రంధ్రాలు తొలవడం)

1. బోరాన్ కలిపిన పీ-టైపు సిలికాన్ వేఫర్ (పలుచని పలక), 1–10 ఓమ్-సెంటీమీటర్. ముక్క వెనక గాలియం-ఇండియం పేస్టు రుద్ది అల్యూమినియం రేకు మీద కూర్చోబెట్టాలి.
2. టెఫ్లాన్ సెల్, ప్లాటినం తీగ కేథోడ్. ఎచ్ అయ్యే మేర 2 చదరపు సెంటీమీటర్లు.
3. 48% హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం (హెచ్‌ఎఫ్), ఇథనాల్ సమపాళ్ళలో.
4. చదరపు సెంటీమీటరుకు 20 మిల్లీఆంపియర్లు, అంటే మొత్తం 40. సమయం 30 నిమిషాలు.
5. ఇథనాల్‌తో కడిగి, నైట్రోజన్ ఊది ఆరబెట్టి, చీకట్లో 365 నానోమీటర్ల టార్చి వేసి చూడాలి. అంచు నుంచి అంచు దాకా ఒకే రంగు రావాలి.

మొదటి బ్యాచ్‌కి పేస్టు రాయలేదు. రేకు మీద ముక్క పెట్టి స్క్రూలు బిగించేశాం. కరెంటు 40 దగ్గర నిలబడటానికి వోల్టేజి పెరుగుతూ పోయింది. టార్చి వేస్తే ముక్క మీద వలయాలు కనిపించాయి, మధ్యలో ఎరుపు, అంచున పసుపు. వెనక ఎక్కడ రేకు బాగా తగిలిందో అక్కడే కరెంటు పారింది మరి. అదే రోజు ఇథనాల్ తగ్గించి చూద్దామన్న తెలివి కూడా ఉపయోగించాం. హైడ్రోజన్ బుడగలు ఉపరితలానికి అంటుకుని, ప్రతి బుడగ కిందా ఒక నల్ల చుక్క మిగిలింది. ఇథనాల్ పని ఆ బుడగలను జార్చేయడమే. దాన్ని తగ్గించకండి.

హెచ్‌ఎఫ్ గురించి ఒక్క పేరా, దాటేయకుండా చదవండి. ఒంటరిగా చేయొద్దు. కాల్షియం గ్లూకోనేట్ జెల్ (హెచ్‌ఎఫ్ పడితే పూసే మందు) చేతికందే చోట ఉండాలి, గడువు తేదీ చూసి ఉంచాలి. పలచని హెచ్‌ఎఫ్ ఒంటి మీద పడితే వెంటనే మంట పుట్టదు, గంటల తర్వాత లోపల్నుంచి మొదలవుతుంది. గాజు ఏదీ దగ్గరికి రాకూడదు. మా జూనియర్ మొదటి కడుగు నీళ్ళను అలవాటుగా గాజు బీకర్‌లో పట్టాడు. పది నిమిషాలయ్యాక "అన్నా, బీకర్ మసకబారింది, ఎంత తుడిచినా పోవట్లేదు" అన్నాడు. తుడిస్తే పోయే మసక కాదది, గాజు కరిగింది. అదృష్టం కొద్దీ రెండు జతల గ్లవ్స్ వేసుకున్నాడు. ఆ రోజు నుంచి ఫ్యూమ్ హుడ్‌లో గాజు సామాను ఒక్కటీ ఉండనివ్వడం లేదు.

ఇప్పటివరకు: వేఫర్ ముక్కలు 6, పనికొచ్చినవి 2.

దశ 2: పొడి చేయడం, తొడుగు వేయడం

పోరస్ పొరను ముక్క మీద నుంచి గీకి, సోనికేటర్‌లో (శబ్ద తరంగాలతో కుదిపే నీళ్ళ తొట్టి) పెట్టి కణాలుగా విడగొట్టాలి. రెండో బ్యాచ్‌ను రాత్రంతా వదిలేశాం. పొద్దున వచ్చి చూస్తే బాత్ నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నాయి. శిఖరం 682 నుంచి 620కి జరిగింది, వెలుగు నాలుగో వంతు కూడా లేదు. వేడి, గాలి కలిసి బయటి పొరల్ని ఆక్సైడ్ చేశాయి. లోపల మిగిలిన సిలికాన్ చిన్నదైపోయి, రంగు నీలం వైపు జరిగింది. అప్పుడు దాన్ని వేడి వల్ల పోయిన బ్యాచ్ అనుకుని పారేశాం. గామా ఇచ్చాక కనిపించేదీ సరిగ్గా ఇదే లక్షణమని తర్వాత తెలిసింది. ఆ స్పెక్ట్రం ఉంచుకుని ఉంటే నెల రోజుల పని తగ్గేది.

మార్చినవి: ఐసు నీళ్ళలో, 20 నిమిషాలు నడిపి 10 నిమిషాలు ఆపి, మూడుసార్లు. ద్రవంలో నుంచి ముందే 45 నిమిషాలు నైట్రోజన్ పంపించాం.

తొడుగు కోసం అన్‌డెసైలెనిక్ ఆమ్లం వాడాం. ఒక కొస సిలికాన్‌కు అతుక్కుంటుంది, రెండో కొసలో ఉన్న ఆమ్ల సమూహం వల్ల కణం నీళ్ళలోనూ ఇథనాల్‌లోనూ నిలబడుతుంది. ఒకే కణాన్ని రెండు ద్రవాల్లో పెట్టి పోల్చగలగడం తర్వాత బాగా కలిసొచ్చింది. నైట్రోజన్ కింద 140 డిగ్రీలు, 16 గంటలు. మూడో బ్యాచ్‌లో నైట్రోజన్ బెలూన్ రాత్రి ఎప్పుడో ఖాళీ అయింది. ఎఫ్‌టీఐఆర్‌లో (ఏ బంధాలున్నాయో పరారుణ కాంతితో చూసే పరికరం) 2100 దగ్గర సిలికాన్-హైడ్రోజన్ శిఖరం తగ్గింది కానీ, 1050–1100 మధ్య ఆక్సైడ్ గుట్టలా లేచింది. అదీ సింకులోకే. నాలుగో బ్యాచ్‌కి బెలూన్ తీసేసి, సిలిండర్ నుంచి నేరుగా ఆయిల్ బబ్లర్ మీదుగా నైట్రోజన్ పెట్టాం.

ఇంకో చిన్న ప్రమాదం: నీళ్ళలో బాగా కలవాలని పీహెచ్ 10కి తెచ్చి మూత బిగించాం. మధ్యాహ్నానికి మూత ఎగిరి పైకప్పుకు తగిలింది. క్షారంలో సిలికాన్ కరిగి హైడ్రోజన్ వదులుతుంది. పాఠం పదో తరగతిదే, గుర్తొచ్చింది మాత్రం మూత ఎగిరాక. ఇప్పుడు వాడేది పీహెచ్ 7.4, 5 మిల్లీమోలార్ ఫాస్ఫేట్ బఫర్ (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణం). అందులోనూ గామా లేకుండానే రోజుకు 3% దాకా వెలుగు తగ్గుతుంది. అందుకని స్టాకు ఇథనాల్‌లో ఉంచి, నీళ్ళలోకి ఏ రోజుకారోజు మారుస్తున్నాం.

ఇప్పటివరకు: వేఫర్ ముక్కలు 22. నాలుగో బ్యాచ్‌లో చేతికొచ్చిన కణాలు 28 మిల్లీగ్రాములు. ఒక్కో ట్యూబుకు 0.2 మిల్లీగ్రాములు పడుతుంది (మిల్లీలీటరుకు 0.1 చొప్పున 2 మిల్లీలీటర్లు).

దశ 3: కొలతే కొలతను పాడుచేయడం

ఫ్లోరిమీటర్‌లో (నమూనా వెలుగు కొలిచే పరికరం) 365 నానోమీటర్ల యూవీతో వెలిగించి 500 నుంచి 850 దాకా స్కాన్ చేశాం. 682 దగ్గర వెడల్పాటి గుట్ట, దాని భుజం మీద 730 దగ్గర సన్నగా ఒక ముల్లు. ఇంకో సైజు కణాల గుంపు దొరికిందని ఒక పూట సంబరపడ్డాం. 365కి రెట్టింపు 730. గ్రేటింగ్ (వెలుగును రంగులుగా విడదీసే పలక) రెండో ఆర్డర్ అంతే, ల్యాంపు 365 వెలుగే రెట్టింపు అంకె దగ్గర మళ్ళీ కనిపించింది, కణాలకు దానితో ఏ సంబంధమూ లేదు. కొలిచే వైపు 400 నానోమీటర్ల లాంగ్‌పాస్ ఫిల్టర్ పెట్టగానే ముల్లు మాయమైంది.

రెండోది ఇంతకంటే చెడ్డది. గామా చూడని నమూనా ఉన్న ఒకే క్యువెట్‌ను వరసగా పదిసార్లు కొలిచాను. పదో కొలతకు 14% తగ్గింది. ల్యాంపు యూవీయే కణాలను ఆర్పుతోంది. అంటే అప్పటిదాకా రాసుకున్న ప్రతి "గామా నష్టం" అంకెలోనూ ల్యాంపు వాటా ఉంది. స్లిట్ 5 నుంచి 1.5 నానోమీటర్లకు తగ్గించాం. స్కాన్ నడిచేటప్పుడే షట్టర్ తెరుచుకునేలా పెట్టాం. ఒక నమూనాకు ఒక్క స్కానే. ఇప్పుడు పది స్కాన్లకు నష్టం 2% లోపు.

మిగతావి క్లుప్తంగా: 365 దగ్గర శోషణ 0.1 దాటనివ్వొద్దు, దాటితే నమూనా తన వెలిగింపును తానే అడ్డుకుంటుంది. రోజూ పొద్దున ఇథనాల్‌లో రోడమీన్ 6జీ కొలిచి ల్యాంపు బలం రాసుకోవాలి. నమూనా అంకెలన్నీ దాంతో భాగించినవే.

దశ 4: మోతాదు నిజంగా ఎంత

గామా చాంబర్ మీద అంటించిన చీటీలో గంటకు 2.31 కిలోగ్రే అని ఉంది (గ్రే అంటే కిలో పదార్థంలో ఒక జౌలు శక్తి పడటం). చీటీ వయసు ఏడాదిన్నర. కోబాల్ట్-60 అర్ధాయువు 5.27 ఏళ్ళు, అంటే నెలకు సుమారు 1% తరిగిపోతుంది. లెక్కేస్తే 1.90 రావాలి. లెక్కను నమ్మి ఊరుకోకుండా ఫ్రిక్ డోసిమీటర్ (గామా పడితే మారే ఇనుప లవణ ద్రావణం, ఆ మార్పును బట్టి మోతాదు తెలుస్తుంది) పెట్టాం. రెండు పూటల పని, మానొద్దు.

1. 1 మిల్లీమోలార్ ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్, 1 మిల్లీమోలార్ ఉప్పు (సోడియం క్లోరైడ్), 0.4 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం. నీళ్ళు అత్యంత శుభ్రంగా ఉండాలి, సేంద్రియ మలినం ఇసుమంత ఉన్నా అంకె పెరుగుతుంది.
2. నమూనాలు పెట్టే చోటే, అదే ఎత్తులో, అదే ట్యూబుల్లో పెట్టాలి.
3. 2, 4, 6, 8 నిమిషాలు ఇచ్చి 304 నానోమీటర్ల దగ్గర శోషణ కొలవాలి.
4. 1 సెంటీమీటరు క్యువెట్, 25 డిగ్రీలు అయితే, శోషణ పెరుగుదలను 278తో గుణిస్తే గ్రేలలో మోతాదు.

మాకు వచ్చిన పెరుగుదలలు: 0.253, 0.476, 0.709, 0.934. గీత వాలు నిమిషానికి 0.1138, అంటే 31.6 గ్రే, గంటకు 1.90 కిలోగ్రే. లెక్క నిలబడింది. అయితే గీత సున్నా నుంచి మొదలవలేదు, 0.024 దగ్గర అక్షాన్ని తాకింది. దాని విలువ 6.7 గ్రే. నమూనాలు పెట్టే డ్రాయర్ చాంబర్ కిందికి దిగేటప్పుడు, పైకి లేచేటప్పుడు పడే మోతాదు అది. కిలోగ్రేలకు లెక్కలోకి రాదు, 50 గ్రేల నమూనాకైతే 13%.

చీటీని నమ్మి చేసిన మొదటి వరస మోతాదులన్నీ 22% ఎక్కువగా రాసుకున్నాం. నోట్‌బుక్‌లో ఎర్ర పెన్నుతో దిద్దాను, కొట్టేయలేదు.

ప్రతి ఒక్కరూ అడిగే ప్రశ్నకు జవాబు ఇక్కడే రాసేస్తాను. గామా తిన్న నమూనా రేడియోధార్మికం కాదు. కోబాల్ట్ గామా శక్తులు 1.17, 1.33 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు, మా నమూనాల్లోని కేంద్రకాలను మార్చడానికి అవి చాలవు. చాంబర్ మాత్రం శిక్షణ ఉన్న ఆపరేటరే నడపాలి, మోతాదు నమోదు చేసే బ్యాడ్జి లేకుండా ఆ గదిలోకి అడుగు పెట్టకూడదు.

దశ 5: గోధుమ రంగు సీసా

నీళ్ళలోని కణాలు, గాజు వయల్, 2 కిలోగ్రే. బయటికి తీసి వయల్‌తోనే ఫ్లోరిమీటర్‌లో పెట్టాం. మిగిలిన వెలుగు 22%. గ్రాఫు గీసి గోడకు అంటించాం కూడా.

మర్నాడు ఖాళీ వయల్ ఒకటి పక్కన పెట్టి చూస్తే అసలు సంగతి కనిపించింది. గామా తిన్న గాజు లేత గోధుమ రంగులోకి మారింది. గాజులో చిక్కుకుపోయిన ఎలక్ట్రాన్లు రంగు కేంద్రాలు అవుతాయి, యూవీని బాగా మింగుతాయి. అదే ద్రవాన్ని క్వార్ట్‌జ్ క్యువెట్‌లోకి మారిస్తే 44%. మిగిలిన వెలుగులో సగాన్ని సీసాయే మింగేసింది. గోడ మీది గ్రాఫు పీకేశాం.

అప్పట్నుంచి గామా పాలీప్రొపిలీన్ ట్యూబులో, కొలత క్వార్ట్‌జ్‌లో. ట్యూబు నుంచి ఏమైనా కారుతోందేమోనని ఒట్టి బఫర్‌ను కూడా ప్రతి మోతాదుకూ కొలుస్తున్నాం. 5 కిలోగ్రే దాకా ఏమీ రాలేదు.

ఇప్పటివరకు: చాంబర్ సమయం 19 గంటలు, ట్యూబులు 41, నమ్మదగినవి 0.

దశ 6: పారేయబోయిన వరస

శుభ్రమైన పద్ధతిలో మొదటి వరస, గాలి ఉన్న నీళ్ళు. గామా ఇచ్చాక మిగిలిన వెలుగు:

0.5 కిలోగ్రే: 81%
1 కిలోగ్రే: 66%, శిఖరం 671
2 కిలోగ్రే: 44%, శిఖరం 654
5 కిలోగ్రే: 19%

పొరపాటు అంచనా ప్లస్ ఆర్ మైనస్ 3%. అందంగా దిగుతున్న గీత. రెండోసారి చేసినప్పుడు 1 కిలోగ్రే దగ్గర మూడు ట్యూబులూ 92% చూపించాయి. 66కీ 92కీ పొంతనే లేదు. డ్రాయర్‌లో తప్పు చోట పెట్టి ఉంటారని, పారేసి మళ్ళీ చేద్దామని అనుకున్నాం. నిజానికి ట్యూబులు చేతిలో పట్టుకుని సింకు దాకా వెళ్ళాను. అప్పుడు జూనియర్ నెమ్మదిగా చెప్పాడు: ఫాస్ఫేట్ అయిపోయింది, పీహెచ్ అదే కదా అని పక్క బెంచీ నుంచి ట్రిస్ బఫర్ తెచ్చి కలిపాడట.

పీహెచ్ అదే, కణాలు అవే, మోతాదు అదే. గామాకు బఫర్ పేరుతో ఏం పని? గామా నేరుగా సిలికాన్‌ను కొట్టి ఆర్పుతుంటే ట్రిస్ ఉన్నా ఫాస్ఫేట్ ఉన్నా ఒకటే కావాలి. ట్రిస్ సేంద్రియ అణువు, గామా నీళ్ళను విడగొట్టినప్పుడు పుట్టే చురుకైన ముక్క అయిన హైడ్రాక్సిల్ రాడికల్‌ను ఆబగా పట్టుకుంటుంది. ఫాస్ఫేట్ దాదాపు పట్టించుకోదు. ఆ ట్యూబులు ఇప్పుడు ఫ్రిజ్‌లో, లేబుల్ మీద పెద్ద అక్షరాలతో "పారేయొద్దు".

దశ 7: కాగితం మీద

ఇది మొదటి రోజే చేయాల్సిన లెక్క.

1. 3 నానోమీటర్ల కణం ఘనపరిమాణం 14 ఘన నానోమీటర్లు. సాంద్రత 2.33 వేసుకుంటే, 1 కిలోగ్రే (కిలోకు 1000 జౌళ్ళు) ఇచ్చినప్పుడు ఒక్కో కణానికి సగటున పడేది 0.2 ఎలక్ట్రాన్ వోల్టులు.
2. 365 నానోమీటర్ల యూవీ ఫోటాన్ ఒక్కటే 3.4 ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే కిలోగ్రే గామా సగటు వాటా ఒక్క యూవీ ఫోటాన్‌లో పదహారో వంతు కూడా లేదు.
3. సగటు మాట అటుంచితే, గామా శక్తి పడితే ఒక్కచోటే పదుల ఎలక్ట్రాన్ వోల్టులుగా పడుతుంది. కాబట్టి వందల కణాల్లో ఏ ఒక్కటో దెబ్బ తింటుంది, మిగతావాటికి ఏమీ తెలియదు.
4. ఇక నీళ్ళ వైపు. ప్రతి 100 ఎలక్ట్రాన్ వోల్టులకు 2.7 హైడ్రాక్సిల్ రాడికల్స్ పుడతాయి. 1 కిలోగ్రేకు అది 0.28 మిల్లీమోలార్.
5. మిల్లీలీటరుకు 0.1 మిల్లీగ్రాము అంటే కణాలు సుమారు 5 మైక్రోమోలార్.
6. భాగిస్తే కణానికి 56 రాడికల్స్.

కణాన్ని నేరుగా తాకే అవకాశం వందల్లో ఒకటి. చుట్టూ నీళ్ళు పుట్టించే రాడికల్స్ మాత్రం తలా యాభై ఆరు. అన్నీ కణాన్నే తాకవు, కొన్ని తొడుగు మీద ఖర్చవుతాయి, కొన్ని ఒకదాన్నొకటి తినేస్తాయి. పదో వంతు తాకినా ఐదు. ఒక్కటి చాలు.

దశ 8: నేరం రుజువు

అన్నీ 1 కిలోగ్రే, అంటే 31.4 నిమిషాలు (దిగేటప్పటి 6.7 గ్రే తీసేశాక). చాంబర్ లోపల గది కంటే వేడి కాబట్టి, గామా లేని జోడు ట్యూబులను అదే ఉష్ణోగ్రత నీళ్ళలో ఉంచి, వాటితో పోల్చాం.

ఫాస్ఫేట్, గాలి: 66%
ఫాస్ఫేట్ + అర మోలార్ టెర్షియరీ బ్యూటనాల్: 91%
ఫాస్ఫేట్, నైట్రస్ ఆక్సైడ్‌తో నింపినది: 46%

బ్యూటనాల్ రాడికల్స్‌ను పట్టేస్తుంది, ఇది ట్రిస్ కథే. నాకు నచ్చింది మూడోది. నైట్రస్ ఆక్సైడ్ నీళ్ళలో పుట్టిన ఎలక్ట్రాన్‌లను కూడా హైడ్రాక్సిల్‌గా మార్చి, రాడికల్స్ సంఖ్యను దాదాపు రెట్టింపు చేస్తుంది. దోషి హైడ్రాక్సిలే అయితే 0.66ను 0.66తోనే గుణించినంత, అంటే 44% దగ్గర మిగలాలని చాంబర్‌లో పెట్టకముందే బోర్డు మీద రాశాం. 46 వచ్చింది. ఈ ప్రాజెక్టులో ముందే చెప్పిన అంకె నిజమైంది ఈ ఒక్కసారే.

తర్వాత 5 కిలోగ్రే, 158 నిమిషాలు:

ఇథనాల్, నైట్రోజన్: 93%
ఇథనాల్, గాలి: 84%
క్వార్ట్‌జ్ పలక మీద పొడి పొర, నైట్రోజన్‌లో సీలు చేసినది: 96%
పోల్చుకోడానికి, నీళ్ళలో అదే మోతాదు: 19%

పొడి పొరలో నష్టం మా పొరపాటు అంచనాకు కాస్త పైన, అంతే.

ఒక చిరాకు మధ్యలో వచ్చింది. నీళ్ళ నమూనాలు ఒక్కోసారి 66, ఒక్కోసారి 58. వారం రోజులు దానితో తలనొప్పి. తేడా ఎక్కడంటే, కొన్నింటిని అదే రోజు, కొన్నింటిని మర్నాడు కొలిచాం. నీళ్ళలో గామా హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను కూడా వదిలిపోతుంది. చాంబర్ నుంచి బయటికొచ్చాక కూడా అది చీకట్లో కూర్చుని పని చేస్తూనే ఉంది. కొన్ని ట్యూబుల్లో బయటికి తీయగానే పెరాక్సైడ్‌ను విరగ్గొట్టే కేటలేజ్ ఎంజైమ్ చుక్క వేశాం. మర్నాడు అవి 64 దగ్గరే ఆగాయి. ఇప్పుడు నియమం: సరిగ్గా గంట తర్వాత కొలవాలి. భోజనానికి వెళ్ళొచ్చి కొలుస్తానంటే కుదరదు.

ఇంకొకటి: మూసిన ట్యూబులో కరిగిన ఆక్సిజన్ 0.25 మిల్లీమోలార్ మాత్రమే. కిలోగ్రే చేరేలోపే చాలావరకు ఖర్చవుతుంది. పైన గాలి ఎంత వదిలామన్నది కూడా అంకెను కదుపుతుంది. అందుకే అన్ని ట్యూబుల్లో 2 మిల్లీలీటర్ల ద్రవమే, గీత గీసి.

దశ 9: మసకబారాయా, చచ్చిపోయాయా

వెలుగు 44%కి తగ్గింది అంటే రెండు అర్థాలు. ప్రతి కణమూ సగం మసకబారి ఉండొచ్చు. లేదా సగానికి పైగా కణాలు పూర్తిగా ఆరిపోయి, మిగతావి మామూలుగా ఉండొచ్చు. ఏదన్నది వెలుగు ఆయువు చెబుతుంది. యూవీ పల్స్ ఆపాక ఈ ఎరుపు మైక్రోసెకన్లపాటు నిలుస్తుంది. గామా లేనిదానికి 52 మైక్రోసెకన్లు, 2 కిలోగ్రే తిన్నదానికి 47. ప్రతి కణమూ మసకబారి ఉంటే ఆయువు 23 దగ్గరికి పడాలి. పడలేదు. ఆ కాస్త తగ్గుదలకు రంగు జరగడమే చాలు, పొట్టి తరంగదైర్ఘ్యం వైపు ఆయువు ఎలాగూ తక్కువ. కణాలు మసకబారడం లేదు, ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి.

ఎఫ్‌టీఐఆర్ కూడా అదే వైపు చూపిస్తోంది. 2100 దగ్గరి సిలికాన్-హైడ్రోజన్ తగ్గి, 2250 దగ్గర కొత్త శిఖరం లేచింది. వెనక బంధాల్లోకి ఆక్సిజన్ దూరిన సిలికాన్-హైడ్రోజన్ అది. పక్కనే 1050–1100 గుట్ట. అచ్చం రెండో బ్యాచ్ లాగే.

ఇక్కడ ఇంకో రకం రేడియేషన్ గురించి కూడా ఒక ముక్క చెప్పాలి. గాజులాంటి ఆక్సైడ్‌లో పొదిగిన కణాల మీద హీలియం వంటి అయాన్లు కొడితే ఈ కథ పనికిరాదు. అక్కడ అయాన్ నేరుగా పరమాణువులను చోటు తప్పిస్తుంది, చాలా తక్కువ మోతాదుకే వెలుగు పోతుంది, నీళ్ళ పాత్ర లేదు. "రేడియేషన్ వల్ల ఇంత శాతం తగ్గింది" అని ఎవరైనా అంటే, ఏ రేడియేషన్, కణం చుట్టూ ఏముంది అని నేను వెంటనే అడుగుతున్నాను.

ఆక్సైడ్‌లోని కణాలను హైడ్రోజన్ కలిపిన నైట్రోజన్‌లో 400 డిగ్రీలకు వేడి చేస్తే డాంగ్లింగ్ బాండ్లు మూసుకుని వెలుగు తిరిగొస్తుంది. మా పొడి పొరకూ అదే చేద్దామని కొలిమిలో పెట్టాం. మాది సేంద్రియ తొడుగు అన్న సంగతి ఆ క్షణంలో ఎవరికీ తట్టలేదు. బయటికొచ్చింది నల్లటి పలక. టార్చి వేసి చాలాసేపు చూశాం, ఏమీ వెలగలేదు. 1.2 మిల్లీగ్రాములు పోయాయి.

ఇప్పటివరకు: ట్యూబులు 118, పలకలు 9, చాంబర్ సమయం 63 గంటలు. మిగిలిన నాలుగో బ్యాచ్ 1.7 మిల్లీగ్రాములు, అంటే ఎనిమిది ట్యూబులకు సరిపడా.

మిగిలిన పనులు

1. పొడి పొరకు 20 కిలోగ్రే. సుమారు పదిన్నర గంటలు, రాత్రి స్లాట్ దొరికితే. నేరుగా తగిలే దెబ్బ కనిపించాలంటే ఇంత కావాలి.
2. తొడుగు పొడవు మార్చడం. పదకొండు కార్బన్ల గొలుసు రాడికల్స్‌ను ఎంత ఆపుతోందో ఇంకా విడిగా కొలవలేదు.
3. ఐదో బ్యాచ్, ఈసారి 16 ముక్కలు. పేస్టు, ఐసు, బబ్లర్ సిద్ధంగా ఉన్నాయి.
4. ట్యూబుల మీద పెన్సిల్‌తోనే రాయాలి. నిన్న ఇథనాల్ కారి మార్కర్ రాతలు చెరిగిపోయాయి. మూడు ట్యూబుల్లో ఏది నైట్రోజన్‌ది, ఏది గాలిది అని జూనియర్, నేను అరగంట వాదించుకుని, చివరికి మూడూ పారబోశాం. మిగిలినవి ఐదు ట్యూబులకు.